పత్తి జిన్నింగ్ మిల్లుకు ఫైర్ తనిఖీ: సిలిండర్లు తగిలిస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పరకాల దిక్కు మీకు పత్తి నుంచి గింజను, దూదిని వేరు చేసే జిన్నింగ్ మిల్లు ఉంది, 24 డబుల్ రోలర్ మిషన్లు, ఒక బేళ్ల ప్రెస్సు. పోయిన సీజన్‌లో యార్డులో ఒక పత్తి కుప్ప కాలింది. ఇప్పుడు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఫైర్ శాఖ ఇచ్చే పత్రం) రెన్యువల్ కోసం ఫైర్ ఆఫీసు వాళ్లు తనిఖీకి రాబోతున్నారు. సిలిండర్లు రీఫిల్ చేయించి గోడకు తగిలిస్తే సరిపోతుందా, బోరు ఉండగా హైడ్రెంట్ లైను (ఫైర్ పైపులు తగిలించే నీళ్ల లైను) ఎందుకు, పత్తి తనంతట తానే అంటుకుంటుందని హమాలీలు అంటున్నారు నిజమేనా, ఖాళీ జాగాలో వేసిన గింజల షెడ్డుకు అభ్యంతరం చెప్తారా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే సరిపోదు. సిలిండర్లు ఉండాల్సిందే, కానీ పత్తి మిల్లులో నష్టం ఎంత అన్నది తేల్చేవి రెండే: కుప్పకూ కుప్పకూ మధ్య ఎడం, మెయిన్ కరెంటు తీసేసినా నడిచే పంపు. పత్తి మిల్లుల సంగతి తెలిసిన అధికారి గోడ మీది ఎర్ర సిలిండర్ల దగ్గరికి చివరికి గానీ రాడు. బోరు చాలదు. తనంతట తానే అంటుకోవడం అన్నది చాలావరకు పుకారు. గింజల షెడ్డుకు అభ్యంతరం చెప్తారు, చెప్పడం న్యాయమే కూడా.

ముందు ఆ పుకారు సంగతి చూద్దాం. దాన్ని నమ్మితే అసలు కారణాన్ని వెతకడం మానేస్తాం. తడి పత్తిని కుప్ప పోస్తే లోపల వేడెక్కుతుంది, అంతవరకు నిజమే. చెయ్యి పెడితే కాలినట్టే ఉంటుంది. కానీ ఆ వేడి పుట్టించేది సూక్ష్మజీవులు. 60, 70 డిగ్రీలు దాటేసరికి అవే చచ్చిపోతాయి. దూది రంగు పసుపెక్కుతుంది, గింజ పాడవుతుంది, ధర పడిపోతుంది, అంతే. దూది రాజుకోవాలంటే 200 డిగ్రీలు దాటిన వేడి కావాలి. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ 8 నుంచి 12 శాతం తేమ లెక్క పెట్టుకునేది నాణ్యత కోసం, నిప్పు కోసం కాదు. దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. ఒకటి, నూనె పీల్చిన దూది. బేరింగుల కింద, ప్రెస్సు హైడ్రాలిక్ గొట్టాల కింద పేరుకున్న జిడ్డు దూదిని మూల కుప్పేస్తే అది నిజంగానే లోలోపల వేడెక్కి రాజుకోగలదు. రెండోది పత్తి గింజలు. గింజలో నూనె ఉంటుంది కాబట్టి, తేమ 10 శాతం దాటిన గింజను ఎత్తుగా పోసి వారాల తరబడి కదపకపోతే ప్రమాదమే. ఎండిన పత్తి కుప్ప మాత్రం ఊరికే అంటుకోదు. అంటుకుందంటే బయటి నుంచి ఒక నిప్పురవ్వ వచ్చిందనే అర్థం.

ఆ రవ్వ వచ్చే దారులు మన మిల్లుల్లో దాదాపు ఎప్పుడూ అవే.

యార్డులో: పత్తి బండ్లను ఎత్తుగా నింపుకొచ్చి కరెంటు తీగలకు తగిలించడం మొదటిది. లోడు మీద రవ్వ పడిన సంగతి డ్రైవరుకు తెలియదు, తెచ్చి కుప్పలో దింపుతాడు, గంట రెండు గంటల తర్వాత పొగ వస్తుంది. మీ కుప్ప కాలిన రోజు ఏ బండ్లు ఏ దారిన వచ్చాయో తిరిగి చూసుకోండి. తర్వాతిది బండి సైలెన్సరు. ట్రాక్టరు, డీసీఎం కుప్ప అంచుదాకా వెనక్కి వచ్చి, ఇంజను ఆపకుండా లోడు దింపుతుంటే, వేడి గొట్టం దూదికి జానెడు దూరంలోనే ఉంటుంది. కుప్పలు లాగే జేసీబీ సైలెన్సరు మీద పేరుకునే దూదిని ఎవరూ చూడరు. బీడీ సంగతి చెప్పక్కర్లేదు. బోర్డు రాసి పెట్టినంత మాత్రాన మానరు. గేటు బయట ఒక రేకు కప్పు, నీళ్ల తొట్టి, కూర్చోవడానికి బల్ల వేసి "తాగేది ఇక్కడే" అంటే మాత్రం చాలామంది వింటారు. కుప్ప మీదుగా కట్టిన ఫ్లడ్ లైట్లు, కుప్ప కింద నుంచి లాగిన కేబుళ్లు కూడా ఈ లెక్కలోవే.

షెడ్డులో: పత్తిలో వచ్చే రాయి, ఇనుప ముక్క, విరిగిన కొడవలి మొన, బోల్టు ఫ్యానుకో ముళ్ల రోలరుకో తగిలితే రవ్వ పుడుతుంది. గాలి గొట్టంలో ఆ రవ్వ సెకన్లలో దూది నిల్వ చేసే పాలా గదికి చేరుతుంది. అందుకే మిషన్ దగ్గర మంట కనిపించకపోయినా పాలాలో పొగ వస్తుంది. పత్తి లోపలికి వెళ్లే దారిలో మాగ్నెట్, రాళ్లు పడిపోయే పెట్టె లేకుంటే మిగతా జాగ్రత్తలన్నీ సగమే. ఉన్నా, మాగ్నెట్‌కు అంటుకున్న ముక్కలను షిఫ్టుకొకసారి తీయాలి. నిండిపోయిన మాగ్నెట్ మీద నుంచి కొత్త ముక్క జారిపోతుంది. ఇక జిన్నింగ్ మిషన్‌లో దూది లాగే రోలరు, దానికి ఆనే కత్తి రాపిడి. మిషన్ చోక్ అయినప్పుడు ఆపకుండా "పోనీలే, దానంతటదే లాగేస్తది" అని నడిపితే రోలరు కాలి వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిన మిషన్‌ను ఆపి, దాని కింది దూదిని వేరుగా తీసి, బయట నేల మీద పరిచి చూడాలి. బేరింగులకు చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తుపాకీ ఒకటి కొనుక్కుని రోజుకు రెండుసార్లు పట్టి చూడండి. 60, 70 డిగ్రీలదాకా ఫర్వాలేదు, 80 దాటితే ఆపాలి. గ్రీజు తక్కువైనా వేడెక్కుతుంది, ఎక్కువ కొట్టినా వేడెక్కుతుంది. ఎక్కువైన గ్రీజు బయటికి కారి దూదిని జిడ్డు చేస్తుంది కూడా.

కరెంటు ప్యానెళ్ల విషయంలో ఒక అలవాటు మానుకోండి. దూదిపొట్టు పేరుకుందని కంప్రెసర్ గాలి కొడతారు. ఆ గాలి పొట్టును కాంటాక్టర్ల (మోటారు స్విచ్చుల) లోపలికి నెడుతుంది. సరఫరా తీసేసి బ్రష్షుతోనో వాక్యూమ్‌తోనో తీయాలి, తలుపుకు రబ్బరు పట్టీ వేయాలి, కేబుల్ లగ్గులను (తీగ చివరి బిగింపులను) సీజన్‌కు ముందు ఒకసారి బిగించాలి. వదులైన లగ్గు వేడెక్కి రంగు మారి ఉంటుంది, చూస్తేనే తెలుస్తుంది. తనిఖీలో ప్యానెల్ తలుపు తెరిపించడం మామూలే.

ఇప్పుడు సిలిండర్లు. మీరు కొన్నవి 6 కిలోల ఏబీసీ (ఘన, ద్రవ, వాయు మంటలకు వాడే) పొడివి అనుకుంటాను, అందరూ అవే కొంటారు. దూది మీద వాటి పని ఏంటంటే పైమంటను ఒక్కసారి కొట్టేస్తాయి. లోపలి నిప్పు అలాగే ఉంటుంది, పొడి అక్కడిదాకా పోదు. పైగా దగ్గరి నుంచి కొడితే ఆ ఊపుకు మండుతున్న దూది ఎగిరి పక్క కుప్ప మీద పడుతుంది. సిలిండర్ 10, 15 సెకన్లలో ఖాళీ. కార్బన్ డయాక్సైడ్‌దీ అదే తీరు, అది ప్యానెళ్లకే తప్ప దూదికి పనికిరాదు. దూదికి నీళ్లు కావాలి. కాబట్టి పంచుకోవడం ఇలా ఉండాలి: ప్యానెల్ గది, ట్రాన్స్‌ఫార్మర్, ప్రెస్సు మోటారు దగ్గర కార్బన్ డయాక్సైడ్, జిన్నింగ్ హాలులో, పాలా దగ్గర, బేళ్ల గోదాములో 9 లీటర్ల నీళ్లవి ఎక్కువ, పొడివి కొన్ని, డీజిల్, హైడ్రాలిక్ నూనె ఉన్నచోట పొడి లేదా ఫోమ్. ఎక్కడ నిలబడినా 15 మీటర్లలోపు ఒక సిలిండర్ అందాలన్నది సిలిండర్లకు వర్తించే భారత ప్రమాణం ఐఎస్ 2190 లెక్క. కొలిచేటప్పుడు గీత గీసినట్టు కాదు, మిషన్ల మధ్య నడిచి వెళ్లే దారిని కొలవాలి. పొడి గడ్డకట్టిందో లేదో తిప్పి చూడండి, గేజి ముల్లు పచ్చగీతలో ఉన్నంత మాత్రాన పొడి బాగున్నట్టు కాదు. రీఫిల్ తేదీ చీటీతో పాటు ప్రెషర్ టెస్టు తేదీ కూడా అడుగుతారు. పొడి, నీళ్ల సిలిండర్లకు 3 ఏళ్లకు, కార్బన్ డయాక్సైడ్‌కు 5 ఏళ్లకు ఒకసారి చేయించాలి. రీఫిల్ చేసేవాళ్లు చాలామంది ఇది చేయకుండానే కొత్త స్టిక్కరు అంటిస్తారు. బిల్లు మీద ఆ మాట విడిగా రాయించుకోండి.

సిలిండర్ల కంటే చవకగా ఎక్కువ పని చేసేది 200 లీటర్ల డ్రమ్ము, నాలుగు బకెట్లు. ఆ నీళ్లలో ఒక లీటరు లిక్విడ్ సబ్బు కలిపి ఉంచండి. దూది మీద సహజంగా ఉండే మైనం పొర వల్ల ఉత్త నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి, సబ్బునీళ్లు లోపలికి ఇంకుతాయి. ఫైర్ ఇంజన్లలో వాడే ఫోమ్ ద్రావకాన్ని పలచగా కలిపినా ఇదే ఉపయోగం. ఒక్కటే జాగ్రత్త: సిలిండర్లలో మాత్రం సబ్బు కలపకండి. డ్రమ్ములో నీళ్లను నెలకోసారి మార్చాలి, లేకుంటే దోమలు, దుర్వాసన వచ్చి ఎవడో ఒకడు ఒంపేస్తాడు.

ఇక నీళ్లు. మీ సమస్య అంతా ఇక్కడే ఉందని నా అనుమానం, అందుకే కొంచెం విడమర్చి రాస్తాను.

20 మిల్లీమీటర్ల నాజిల్ ఒకటి, దగ్గర దగ్గర 4 కిలోల (చదరపు సెంటీమీటరుకు) ఒత్తిడి మీద నిమిషానికి 500 లీటర్లకు పైగా చిమ్ముతుంది. మామూలు ఫైర్ ఇంజన్‌లో ఉండేది 4,500 లీటర్లు. అంటే ఒక్క పైపుతో కొట్టినా తొమ్మిది నిమిషాలు రాదు. ఆ తర్వాత బండి నీళ్ల కోసం వెళ్లాలి. మీ దగ్గర నింపుకునే ట్యాంకు లేకపోతే చెరువుకో ఊరి ట్యాంకుకో పోయి వచ్చేలోపు కుప్ప మళ్లీ లేస్తుంది. మీ బోరు మోటారు నిమిషానికి 100 లీటర్లు ఇస్తే గొప్ప. అదీ కరెంటు ఉంటే. నిప్పు అంటుకోగానే ఎవరైనా చేసే మొదటి పని మెయిన్ తీసేయడం, దాంతో బోరూ ఆగిపోతుంది. 50,000 లీటర్ల ట్యాంకు ఉంటే రెండు పైపులతో 45 నిమిషాలు దాటి కొట్టొచ్చు. లక్ష లీటర్లైతే ఫైర్ ఇంజన్ వచ్చాక కూడా దానికి అక్కడే నింపి ఇవ్వొచ్చు. మీ ఎన్‌ఓసీలో ఎన్ని లీటర్లు రాశారో అది కనీసం, అంతకంటే తగ్గకూడదు.

ట్యాంకులో నీళ్లు ఉండటం వేరు, నిప్పు రోజున ఉండటం వేరు. పాలాలో తేమ కోసం చల్లే నీళ్లు, బండ్లు కడిగే నీళ్లు, హమాలీల స్నానాల నీళ్లు అన్నీ అదే ట్యాంకు నుంచి పోతుంటే సాయంత్రానికి అడుగంటుతుంది. దీనికి కాపలా అక్కర్లేదు. వాడుక పైపును ట్యాంకులో పై భాగానికి మార్చండి, ఫైర్ పంపు పైపు అడుగున ఉండనివ్వండి. వాడుక నీళ్లు ఆ మట్టానికి దిగగానే ఆగిపోతాయి, కిందిది మిగులుతుంది. ప్లంబరుకు సగం రోజు పని.

పంపు మీద మూడు పరీక్షలు మీరే చేయండి, అధికారి చేసేవీ ఇవే. మొదటిది, మిల్లు మెయిన్ స్విచ్ తీసేసి ఫైర్ పంపు నొక్కండి. నడవాలి. నడవలేదంటే దాని కనెక్షన్ మెయిన్ తర్వాత ఉందని అర్థం, దాన్ని మెయిన్‌కు ముందు నుంచి విడిగా తీయించాలి. రెండోది, అన్నిటికన్నా దూరాన ఉన్న హైడ్రెంట్ తెరిచి, పైపు తగిలించి, నీళ్లు పోతుండగా గేజి చూడండి. 3.5 కిలోలకు తగ్గకూడదు. మూసి ఉన్నప్పుడు ఏడు చూపించే గేజి తెరవగానే ఒకటికి పడిపోతుందంటే లైనులో తుప్పు, సగం మూసిన వాల్వు, లేదా చిన్న సైజు పైపు. మూడోది డీజిల్ పంపు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మిల్లు మూసి ఉన్నాక అక్టోబరులో దాని బ్యాటరీ లేవదు. ఇది ఎన్ని మిల్లుల్లో చూసినా ఇదే వరస. బ్యాటరీని ఎప్పుడూ నెమ్మదిగా నింపుతూ ఉండే ట్రికిల్ ఛార్జర్ పెట్టండి, సీజన్ ఉన్నా లేకున్నా వారానికోసారి కాసేపు నడపండి, నడిపిన తేదీని గోడకు వేలాడే నోటుబుక్కులో రాయండి. ఆ నోటుబుక్కుకు తనిఖీలో చాలా విలువ ఉంది. ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే రోజు కూర్చుని రాసినది చూడగానే తెలిసిపోతుంది, అలా మాత్రం చేయకండి. ట్యాంకు నేల మట్టానికి దిగువన ఉండి పంపు పైన ఉంటే పీల్చే పైపు అడుగున నీళ్లను ఆపే ఫుట్ వాల్వు లీకై నీళ్లు జారిపోతాయి, పంపు తిరుగుతుంది గానీ నీళ్లు రావు. అలాంటిచోట పంపును నీళ్లతో నింపి ఉంచే చిన్న ప్రైమింగ్ ట్యాంకు పైన తప్పనిసరి.

హైడ్రెంట్ పెట్టెలు తెరిచి చూడండి. పత్తి మిల్లులో ఆ పెట్టె ఎలుకలకు మంచి కాపురం. పైపులు కొరికి ఉంటాయి, దూదితో గూడు కట్టి ఉంటుంది. ఒక్కో పెట్టెలో 63 మిల్లీమీటర్ల పైపులు 15 మీటర్లవి రెండు, ఒక నాజిల్ ఉండాలి. నాజిల్ గన్‌మెటల్‌దైతే పాత ఇనుము ధరకు ఎవరో ఎత్తుకుపోతారు. అద్దం తలుపు, తాళం, పగలగొట్టడానికి చిన్న సుత్తి పెట్టుకోవడం మేలు. కప్లింగులో రబ్బరు వాషరు లేకపోతే సగం నీళ్లు అక్కడే పోతాయి. వాషరు ధర పదుల రూపాయల్లో ఉంటుంది, దాని కోసం రెన్యువల్ ఆగిన సందర్భాలు ఉన్నాయి. జిన్నింగ్ హాలు లోపలికి మాత్రం హోస్ రీల్ (చక్రానికి చుట్టి ఉండే సన్న పైపు) మంచిది. నిమిషానికి పాతిక, ముప్ఫై లీటర్లే ఇస్తుంది గానీ ఒక్క మనిషి తీసి వాడగలడు. 63 మిల్లీమీటర్ల పైపు నీళ్లతో నిండితే ఒక్కడు పట్టుకోలేడు, కనీసం ఇద్దరు కావాలి. మీ దగ్గర ఏ షిఫ్టులో ఏ ఇద్దరు అన్నది అడుగుతారు, పేర్లు గోడ మీద ఉండాలి. హమాలీలు సీజన్ మధ్యలో మారిపోతారు కాబట్టి ఆపరేటర్లకు, వాచ్‌మన్‌కు, కాటా గుమాస్తాకు నేర్పడం నయం.

గేటు, దారి సంగతి క్లుప్తంగా చెప్తాను. గేటు వెడల్పు కనీసం 4.5 మీటర్లు, 6 అయితే మేలు. పైన కమాను ఉంటే 5 మీటర్ల ఎత్తు ఉండాలి. పేరు బోర్డు, దానికి వేలాడే తోరణాలు, గేటు పక్క కాటా గది మెట్లు, ఇవన్నీ ఆ కొలతను తినేస్తాయి. మిల్లు చుట్టూ 6 మీటర్ల దారి ఖాళీగా ఉండాలి. సీసీఐ కొనుగోళ్లు జోరుగా ఉన్న రోజుల్లో ఆ దారిలోనే బండ్లు వరసగా నిలబడతాయి. రాత్రి డ్రైవర్లు తాళం చెవులు పట్టుకుని ఎక్కడో పడుకుంటారు. చెవులు కాటా గదిలో ఇచ్చి పోవాలన్న నియమం పెట్టండి.

కుప్పల ఎడం గురించి. కుప్పకూ కుప్పకూ మధ్య ఫైర్ ఇంజన్ దూరేంత, అంటే 6 మీటర్లు వదలండి. గాలికి ఎగిరే నిప్పు తునకలను 6 మీటర్లు ఆపవు, ఆ జాగా మనిషి, బండి, పైపు వెళ్లడానికి. షెడ్డు గోడకు కుప్ప ఆనకూడదు, వీలైతే 15 మీటర్లు దూరం. కరెంటు తీగల కింద ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఒక పెద్ద కుప్ప కంటే నాలుగు చిన్నవి నయమని మిల్లుదారులకు చెప్తే జాగా లేదంటారు. జాగా లేదంటే ఆ రోజు కొనడం ఎక్కువైందని అర్థం, అది ఫైర్ ఆఫీసు పరిష్కరించే సమస్య కాదు. ప్లాస్టిక్ తాడిపత్రి కప్పితే వానకు మంచిదే, కానీ నిప్పు తగిలితే కరిగి మండుతూ చుక్కలు చుక్కలుగా కారుతుంది. వాన లేని రోజుల్లో తీసి మడిచి పెట్టండి. బేళ్ల గోదాములో గోడకు రెండడుగులు వదలండి. బేలు తడిస్తే ఉబ్బుతుంది, గోడకు ఆనించి పేర్చిన వరస గోడనే నెట్టేస్తుంది.

వెల్డింగ్ పని సీజన్‌లో తప్పదు. చుట్టూ 10, 11 మీటర్లు దూది ఊడ్చి, నేల తడిపి, నీళ్ల పైపు పక్కన పెట్టుకుని చేయాలి. పని అయిపోయాక గంటసేపు ఒక మనిషి అక్కడే ఉండాలి. చాలాసార్లు వెల్డరు వెళ్లిపోయాకే పొగ వస్తుంది.

అంటుకున్నప్పుడు వరస: పత్తి వెళ్లే కన్వేయరు, గాలి ఫ్యాన్లు ముందు ఆపాలి. ఫ్యాను తిరుగుతున్నంతసేపు నిప్పును ఊది పాలాలోకి మోస్తుంది. వెంటనే 101కు ఫోను. మంట మనతో ఆరుతుందేమో చూసి చేద్దాం అని పది నిమిషాలు ఆగడం వల్లే పెద్ద నష్టాలు జరుగుతాయి. ఫోనులో ఊరు, మిల్లు గేటు గుర్తు, కాలేది కుప్పా, గోదామా, మిల్లులో నీళ్ల ట్యాంకు ఉందా లేదా, ఈ నాలుగూ చెప్పండి. నీళ్లు ఉన్నాయంటే వాళ్లు వచ్చే తీరు వేరుగా ఉంటుంది. కుప్ప మీద నీళ్లు పడకముందే జేసీబీతో చీల్చకండి, గాలి తగిలి ఒక్కసారి లేస్తుంది. పైన అంతా తడిపి, పొగ తగ్గాక, అంచు నుంచి పొర పొరగా లాగి, లాగిన దాన్ని నేల మీద పరిచి మళ్లీ తడపాలి. పక్క కుప్పల మీద గాలి వాలు వైపు ముందే నీళ్లు కొట్టిస్తే తునకలు పడినా పట్టుకోవు.

పోయిన సీజన్‌లో మీరు బహుశా వదిలేసినది ఇది: ఆ రోజు ప్రెస్ చేసిన బేళ్లు. చిన్న నిప్పురవ్వ 170 కిలోల బేలులోకి బిగిసిపోతే ఆరిపోదు. గాలి సరిగా అందక, పొగ కూడా రాకుండా, రోజులు, ఒక్కోసారి వారాలు లోలోపల కాలుతూ ఉంటుంది. గోదాములోనో లారీ మీదో బయటపడుతుంది. షెడ్డులో ఎంత చిన్న మంట వచ్చినా, అంతకు ముందు గంట, ఆ తర్వాత నడిచిన బేళ్ల నంబర్లు రాసి, వాటిని గోదాములో పెట్టకుండా ఆరుబయట ఒకదానికొకటి దూరంగా పెట్టి కనీసం వారం పది రోజులు చూడండి. కాలిన వాసన, ఒకచోట వెచ్చదనం, దూది మీద గోధుమరంగు మచ్చ గుర్తులు. అనుమానపు బేలు స్ట్రాపులు లోపల కోయకండి. కోసిన క్షణం బేలు విచ్చుకుని గాలి పీలుస్తుంది. బయటికి తెచ్చి, పైపు సిద్ధం చేసుకుని కోయాలి. మంట వచ్చిన రోజు గింజల కుప్పను కూడా ఇలాగే చూడాలి, రవ్వ గింజతో పాటు కూడా ప్రయాణిస్తుంది.

బేళ్ల నిప్పు ఎంత మొండిదో చెప్పడానికి పెద్ద ఉదాహరణ ఉంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు ఫైర్ సర్వీస్ వారోత్సవాలు జరుపుతారు కదా, అది 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఎస్‌ఎస్ ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిన ప్రమాదం గుర్తుగా. మందుగుండుతో పాటు ఆ ఓడలో పత్తి బేళ్లు ఉన్నాయి, నిప్పు రాజుకున్నది పత్తి ఉన్నచోటే. 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ వారంలో స్టేషన్ వాళ్లు మిల్లులకు, గోదాములకు వచ్చి ప్రదర్శన చేసి చూపిస్తారు. ముందుగా ఒక లేఖ ఇచ్చి మీ మిల్లులో పెట్టించుకోండి.

కాయితాల సంగతి. తెలంగాణలో నడుస్తున్నది 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టమే. అందులో 13వ సెక్షన్ కింద నివాస భవనాలకు 18 మీటర్లు, వాణిజ్య భవనాలకు 15 మీటర్లు అన్న ఎత్తు లెక్క ఉంది. దాన్ని పట్టుకుని "మా షెడ్డు అంత ఎత్తు లేదు కదా, మాకెందుకు" అని వాదించే మిల్లుదారులు ఉన్నారు. మీ చేతిలో ఇప్పటికే షరతులతో ఎన్‌ఓసీ ఉంది కాబట్టి ఆ వాదన దండగ. పాత ఎన్‌ఓసీ తీసి వెనుక పేజీలు చదవండి. ట్యాంకు ఎన్ని లీటర్లు, హైడ్రెంట్లు ఎన్ని, సిలిండర్లు ఏ రకం, చుట్టూ ఎంత ఖాళీ అన్నీ పట్టికలా ఉంటాయి. వచ్చేది జిల్లా ఫైర్ ఆఫీసరైనా, ఆయన పంపిన స్టేషన్ ఫైర్ ఆఫీసరైనా ఆ పట్టిక చేతిలో పెట్టుకునే తిరుగుతారు. దరఖాస్తుతో పాటు మంజూరైన ప్లాను, ఇప్పుడున్న సైట్ ప్లాను, సిలిండర్ల బిల్లులు, పంపు నోటుబుక్కు, హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉంటే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ కాయితం ఒక ఫైలులో పెట్టుకోండి. లోపాలు రాసి నోటీసు ఇస్తే కంగారు పడకండి. ఏది ఎప్పటికి చేస్తారో తేదీలతో రాతపూర్వకంగా జవాబివ్వండి, చేసినదానికి ఫొటో జత చేయండి. సీజన్ మొదలయ్యాక దరఖాస్తు పెడితే పని నడుస్తుండగా పైపులైను వేయలేరు. ఆగస్టు, సెప్టెంబరు సరైన కాలం.

ఇన్సూరెన్స్ విషయం మీరు అడగలేదు గానీ, పోయిన సీజన్ క్లెయిము ఇంకా నడుస్తుంటే ఇది చూసుకోండి. మామూలు ఫైర్ పాలసీలో సరుకు తనంతట తాను వేడెక్కి కాలితే పరిహారం ఉండదు, దానికి విడిగా అదనపు కవరు తీసుకోవాలి. ఎవరూ కారణం వెతకకుండా, హమాలీల మాట విని వాంగ్మూలంలో "తనంతట తానే అంటుకుంది" అని రాసేస్తే మీ క్లెయిమును మీరే చెడగొట్టుకున్నట్టు. తెలిసినది రాయండి, ఊహ రాయకండి. ఫైర్ స్టేషన్ ఇచ్చే రిపోర్టు కాపీ తప్పకుండా తీసుకోండి.

చివరికి గింజల షెడ్డు. అది ఉన్నది చుట్టూ వదలాల్సిన 6 మీటర్ల ఖాళీలో. ప్లానులో లేదు. పైగా అందులో పెట్టింది నూనె గింజ. మూడు కారణాల్లో ఏ ఒక్కటైనా అభ్యంతరానికి చాలు. రెగ్యులరైజ్ చేయించుకుందాం అని తిరగడం కంటే, రేకుల షెడ్డే కాబట్టి విప్పి వెనుక హద్దు వైపు, జిన్నింగ్ హాలుకు దూరంగా వేసుకోవడం తొందరగా తేలుతుంది. కొత్త చోట గోడలు ఇటుకతో, నేల సిమెంటుతో, పైన గాలి పోయేలా రేకు ఎత్తి కట్టండి. గింజ కుప్పను తలెత్తు దాటనివ్వకండి, మధ్యలోకి పొడవైన ఇనుప కడ్డీ గుచ్చి ఉంచి రోజూ బయటికి లాగి చేత్తో పట్టి చూడండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆ రోజే కుప్ప తిరగేయాలి. తనిఖీ తేదీకి షెడ్డు విప్పడం పూర్తి కాకపోతే కనీసం గింజ ఖాళీ చేసి, దారి వైపు రేకులు తీసేసి, మిగతాది ఎప్పటికి పోతుందో రాసి అధికారి చేతికివ్వండి.